నవ్వని ఆడవాళ్లు

"ఈ ఆడవాళ్లలో ఒక్కరైనా నవ్వరేంటమ్మా?" అన్నాడు ప్రచురణ సంస్థ యజమాని, కాగితాల కట్టను చూపుడువేలితో ఎడిటర్ వైపు నెడుతూ.

జైల్లో నిరాహార దీక్ష చేస్తున్న మనిషికి ముక్కులో గొట్టం దూర్చి బలవంతంగా తిండి పోస్తుంటే ఎవరూ నవ్వరని ఎడిటర్ చెప్పలేదు. చెప్పినా ఆ బుర్రకు ఎక్కదు.

వందేళ్ల కిందట విదేశాల్లో ఆడవాళ్లు జైళ్లకెళ్లి ఓటుహక్కు ఎలా సాధించుకున్నారో చెప్పే బొమ్మల నవల అది. గీసింది ఎడిటర్ సొంత చెల్లెలు. ఉన్న ఉద్యోగం మానేసి, మెడ పట్టేసేదాకా బల్ల మీదికి వంగి గీసింది. ఇప్పుడు బయట వరండాలో గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

లోపల ఎంపిక కమిటీ కొలువుదీరింది. యజమాని, ఆయన తమ్ముడు, బావమరిది, అల్లుడు. ఏళ్ల తరబడి వాళ్ల మధ్యే కూర్చుంటోంది ఎడిటర్. ఆమె ఏరి తెచ్చిన పుస్తకాలతోనే ఆ సంస్థ నిలబడింది. ఇవాళ కూడా ఆమె తప్ప మొదటి పేజీలు దాటి చదివిన మొహం ఒక్కటీ లేదక్కడ. సలహాలకు మాత్రం కొదవలేదు. నడుములు సన్నగా గీయించమన్నాడు తమ్ముడు. పోరాటాన్ని ముందుండి నడిపించే మగవాడు ఒకడుంటే కథకు నిండుదనం వస్తుందన్నాడు బావమరిది. అల్లుడు ఫోన్‌లోంచి తలెత్తి, జైలు గొడవంతా తీసేస్తే పిల్లల పుస్తకంగా అమ్ముకోవచ్చన్నాడు.

వీళ్లా పుస్తకాల మంచిచెడ్డలు తేల్చేది అనుకుంది ఎడిటర్. అట్ట మీద రంగు తప్ప లోపలి అక్షరం పట్టని మనుషులు. ఎప్పుడూ నవ్వి ఊరుకునేది. ఇవాళ నవ్వు రాలేదు.

"ఒక్క గీత కూడా మారదండీ," అంది. "వద్దనుకుంటే ఇప్పుడే చెప్పేయండి. ఎదురు వీధి ప్రచురణవాళ్లు రేపే అచ్చుకిస్తామంటున్నారు."

ఎదురు వీధి మాట చెవిన పడగానే నలుగురికీ స్త్రీజాతి మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. చరిత్రంటే ఇలాగే ఉండాలన్నాడు తమ్ముడు. నడుముల ఊసు మళ్లీ ఎత్తలేదు. తమ సంస్థ మొదటినుంచీ ఆడవాళ్ల పక్షమేనని యజమాని గొంతు సవరించుకుని చిన్న ఉపన్యాసం ఇచ్చి, ఓటింగుకు పెట్టాడు. చేతులు లేచాయి. ఏకగ్రీవం.

ఎడిటర్ బయటికొచ్చి తలూపగానే చెల్లెలు అక్క మెడ చుట్టేసి ఏడ్చేసింది. ఎవరైనా అడ్డం తిరిగారా అని అడిగింది. ఎవరూ తిరగలేదంది అక్క.

"ఎవరు కాదన్నా నీ ఓటు ఉందిగా అని ధైర్యంగా కూర్చున్నానక్కా," అంది చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ.

అక్క ఆమె చెదిరిన జుట్టు సర్దింది.

ఆ కమిటీలో అక్కకు ఓటు లేదు.