రెండంగుళాల కోత

మార్కర్ తుపాకీ గొట్టాన్ని రెండు చెక్కముక్కల మధ్య పెట్టి, వైస్‌లో బిగించి, పళ్ళబ్బాయి రంపం అందుకున్నాడు. రంపం కింద పెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, మళ్ళీ అందుకున్నాడు.

"ఇంకోసారి ఆలోచించుకో," అంది గుమ్మంలో నిలబడ్డ భార్య. "కోసింది మళ్ళీ అతకదు."

"అతకదనే కోస్తున్నా. అతికేదైతే అతికించి ఇమ్మంటారు మా కెప్టెన్."

పళ్ళబ్బాయి అంటే పళ్ళు అమ్మేవాడు కాదు. డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చే పనివాడు. ఇంటి వెనక గదే అతని వర్క్‌షాపు. ఆ పేరు పెట్టింది కెప్టెనే. మొట్టమొదట కలిసినరోజు కింద నుంచి పైదాకా ఓ చూపు చూసి, "ఏం చేస్తుంటావ్?" అన్నారు. చెప్పాడు. "పరిగెత్తగలవా?" అన్నారు. నీళ్ళు నమిలాడు. సిఫారసు గట్టిది కాబట్టి కాదనలేక ఒప్పుకున్నారు గానీ, ఆనాటి నుంచి ఈనాటి దాకా అతన్ని అసలు పేరుతో పిలిచిన పాపాన పోలేదు.

వాళ్ళ జట్టు ఆదివారాలు ఆడేది పెయింట్‌బాల్. చెక్క అడ్డుల వెనక నక్కి, గాలితో పేలే తుపాకీలతో రంగు గుళ్ళు కాల్చుకోవడం. ఒంటిమీద రంగు పడ్డవాడు అవుట్. ఆ తుపాకీనే మార్కర్ అంటారు. కెప్టెన్ చేతిలో మార్కర్ ఉందంటే అవతలి జట్టుకి చెమటలు పట్టేవి.

పట్టేవి. ఈమధ్య పట్టడం లేదు. వరసగా ప్రతి ఆటలోనూ మొదట్లోనే కెప్టెన్ ముసుగు మీద రంగు పడుతోంది. "వయసు మీద పడింది. చూపు ఆనడం లేదు," అని జట్టులో గుసగుసలు. రేపటి ఆటలోనూ ఇదే తంతైతే కొత్త కెప్టెన్‌ని చూసుకోవాలని అందరూ అనేసుకున్నారు. పిల్లి మెడలో గంట కట్టేదెవరన్నదే తేలలేదు. ఎందుకంటే అది పిల్లి కాదు, పులి.

అసలు సంగతి పళ్ళబ్బాయి ఒక్కడే కనిపెట్టాడు. ఆట మొదలైన కాసేపటికే అవుటై గట్టు మీద కూర్చోవడం అతనికి అలవాటు. చూడ్డానికి కావలసినంత తీరిక. కెప్టెన్ చూపు డేగ చూపే. మొరాయించింది మోకాళ్ళు. అడ్డుకి కాస్త వెనగ్గా వంగి కూర్చోలేక దానికే ఆనుకుని నిలబడుతున్నారు. దాంతో మనిషి కన్నా ముందు గొట్టం మూతి బయటికొస్తోంది. అవతలివాళ్ళు ఆ మూతిని చూసి కాచుక్కూర్చుంటున్నారు.

చెబుదామంటే ధైర్యం చాలదు. "గొట్టం కాస్త పొడుగైందేమో" అని జట్టులో ఒకడు ఒకసారి నసిగాడు. "గొట్టం కాదు, నీ నాలుక పొడుగైంది," అన్నారు కెప్టెన్. ఆ నాలుక మళ్ళీ లేవలేదు.

ఆటకి ముందు జట్టు మార్కర్లన్నీ శుభ్రం చేసేది పళ్ళబ్బాయే. అందుకే ఇప్పుడు కెప్టెన్ గొట్టం అతని చేతిలో ఉంది.

రంపం కదిలింది. వెండిరంగు పొడి రాలింది. రెండంగుళాల ముక్క టంగుమని బల్ల మీద పడింది.

ఇక ఆగితే లాభం లేదు. కోసిన అంచుని ఆకురాయితో సమం చేశాడు. సన్నటి పుల్లకి ఉప్పుకాగితం చుట్టి లోపల తిప్పాడు. అక్కడ వెంట్రుకంత గరుకున్నా గుండు గొట్టంలోనే పగిలి, రంగంతా లోపలే కారుతుంది. చివరికి కట్టుడు పళ్ళు మెరిపించే చక్రం మీద పెట్టి అద్దంలా చేశాడు. ఒక గుండు వేసి వంచితే జర్రున జారి చేతిలో పడింది.

"బయట కారు ఆగింది," అని భార్య లోపలికి జారుకుంది.

కెప్టెన్‌కి బెల్లు కొట్టే అలవాటు లేదు. తిన్నగా వెనక గదిలోకి వచ్చేశారు. ముందు గొట్టాన్ని చూశారు. తర్వాత బల్ల మీది ముక్కని చూశారు.

"ఏంటిది?"

"కోశానండీ."

"ఎవర్నడిగి?"

"మోకాళ్ళు..." అని నోరు జారాడు పళ్ళబ్బాయి. జారాక ఇక ఆపలేదు. చూసిందంతా గడగడా చెప్పేశాడు.

కెప్టెన్ గొట్టం మార్కర్‌కి బిగించారు. పెరట్లోకి నడిచి, పాత బీరువాని ఆనుకుని నిలబడ్డారు.

"ఎదురుగా నిలబడి చూడు. కనిపిస్తోందా?"

"లేదండీ."

మెరుపులా పక్కకి వంగి పేల్చారు. గోడకి ఆనించిన పాత తలుపు నట్టనడుమ నీలం మచ్చ విచ్చుకుంది. ఇంకోటి దాని మీదే పడింది.

"చప్పుడు పెరిగింది."

"పెరుగుతుందండీ. గురికేం కాదు."

"పెరగనీ. వినపడాలి వెధవలకి." కెప్టెన్ గొంతు తగ్గించారు. "మోకాళ్ళ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదండీ."

కెప్టెన్ అతన్ని మళ్ళీ కింద నుంచి పైదాకా చూశారు. ఈసారి చూపు ముఖం దగ్గర ఆగింది.

"మా అమ్మాయి ఏం చూసి నిన్ను చేసుకుందో ఇన్నాళ్ళకి అర్థమైంది," అన్నారు అత్తగారు.