జర మేడమ్‌కు ఫోనియ్యన్నా

కొత్తగూడలో ఆసుపత్రి మెట్లు దిగుతుండగా వర్షిత ఫోను మోగింది. క్యాబ్ డ్రైవరు.

గొంతు సన్నబడేందుకు ఆపరేషన్ చేయించుకున్నాక ఆమె ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. ఇక మాట్లాడొచ్చని డాక్టరు ఇప్పుడే చెప్పాడు.

“మెల్లగ మాట్లాడు బిడ్డా. ఇంకొన్ని దినాలు ఒర్రద్దన్నడు,” అంది తల్లి నీలమ్మ.

వర్షిత ఫోనెత్తి స్పీకర్ పెట్టింది. “హలో?” సన్నగా, కాస్త బొంగురుగా వచ్చింది మాట.

“ఎక్కడున్నరు మేడమ్?”

వర్షిత ఫోను గుండెకు అదుముకుని గంతేసింది. ఇన్నేళ్లూ ప్రతి డ్రైవరూ అనేది ఒకటే: “అన్నా, బుకింగ్ వర్షిత మేడమ్ పేరు మీదుంది. మేడమ్‌కు ఫోనియ్యి.”

“అమ్మా, విన్నవా? మేడమన్నడు!” అంటూ ఫోను తల్లి ముందుకు చాపింది.

“విన్న తియ్యి. మ్యాపుల ఆడు ఫ్లైఓవరెక్కుతున్నడు సూడు! ఇటియ్యి, నేను జెప్త.” నీలమ్మ ఫోను లాక్కుంది. “ఓ నాయనా! పైకెళ్లి కాదు, కిందికెళ్లి రా!”

అవతల డ్రైవరు తడబడ్డాడు. “సమజైతలేదన్నా. జర మేడమ్‌కు ఫోనియ్యన్నా.”

నీలమ్మ ఫోనును కళ్ల ముందుకు తెచ్చుకుని గుడ్లురిమి చూసింది. వర్షిత నవ్వాపుకోలేక మెట్ల మీద కూలబడింది. మాట మారినా నవ్వింకా పాత గొంతులోనే ఉంది. నీలమ్మా పగలబడి నవ్వింది. రెండు నవ్వులదీ ఒకే గొంతు.

వర్షిత టక్కున ఆగింది. “అమ్మా, నా పాత గొంతు నీదేనా?”

“మరెవరిదనుకున్నవే? ఇగ నాకైతే ఆపరేషన్ వద్దు. ఇంట్ల ఇద్దరాడోళ్లమున్నం, ఒక్కరన్న ఒర్రాలె గద!”