ట్యాంకరు ఎక్కని పాలు

అది రెండువేల సంవత్సరం. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో రాజ్ నడిపే డెయిరీ. ట్యాంకరు డ్రైవరు పాలతొట్టి మూత ఎత్తి, వాసన చూసి, వెంటనే మూసివేశాడు. "సారీ మేట్" అని ఖాళీ ట్యాంకరుతోనే వెళ్లిపోయాడు. ఇకపై ఈ డెయిరీ పాలు తీసుకోబోమంటూ అతను ఇచ్చివెళ్లిన ఫ్యాక్టరీ ఉత్తరం రాజ్ చేతిలో ఉంది.

నిస్సార్ అహ్మద్ గ్లాసుతో పాలు ముంచి తాగాడు. ఆయన కర్నూలు పశువైద్యుడు. ఆయన పట్టా ఇక్కడ చెల్లలేదు. దాణాలో మెంతిపిండి కలిపితే పాలు పెరుగుతాయని రాజ్ ఆవుల మీద నిరూపించి పేరు తెచ్చుకోవడం ఒక్కటే ఆయనకు మిగిలిన దారి. పాలు నిజంగానే పెరిగాయి.

"నాకేం వాసన రాల్యాదప్పా. నీకు?"

"నాకూ లేదు, డాక్టర్ భాయ్. ఫిజీలో మా అమ్మ కిచెన్ అంతా మెంతులే. మన ముక్కుకి ఏం తెలుస్తాది?"

నిస్సార్ గ్లాసు కింద పెట్టాడు. "ఆ డ్రైవరు ముందే ఒక్క మాట చెప్పింటే, ఆ పొద్దే పిండి నిలిపేసిందును గదప్పా!"

రాజ్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పాడు భాయ్, లాస్ట్ మంత్. 'మీ మిల్క్ కర్రీ స్మెల్, మేట్' అన్నాడు. మనల్ని ఎక్కిరిస్తున్నాడనుకున్నా. తిట్టి, గేటు దాకా తరిమాను. నెక్స్ట్ వీక్ మళ్లీ చెప్పాడు. మళ్లీ తరిమాను."