పడవలో పెడమొహం

"ఆమె ఉన్న పడవ నేనెక్కను," అన్నాడు అమర్నాథ్, హేవలాక్ దీవి జెట్టీ మీద కాళ్ళు పాతేసినట్టు నిలబడి.

మెల్లిగా అన్నాడా అంటే అదీ లేదు. మిర్చి యార్డులో అరిచి అరిచి రాటుదేలిన గొంతు. పడవ వెనక కొసన కూర్చున్న అతని చెల్లెలు వందన తల దించుకుంది. పక్కనున్న ఆమె కూతురు హిమజ అమ్మ భుజం మీద చెయ్యేసింది.

నరసరావుపేట ట్రావెల్స్ అతను జనాన్ని రెండు బ్యాచ్‌లుగా అండమాన్ తీసుకొచ్చి, చేపలు చూపించే ఈ పడవ దగ్గర మాత్రం అందర్నీ కలిపేశాడు. ఊళ్ళో పెళ్ళిళ్ళలో కూడా ఎదురుపడకుండా తప్పుకు తిరిగే అన్నాచెల్లెళ్ళు సముద్రం దాటొచ్చి ఇలా దొరికిపోయారు.

"ఊరుకోండి, అందరూ చూస్తన్నారు," అంది అతని భార్య ధనలక్ష్మి. "ఇంత దూరమొచ్చి ఏందీ పంతం? మామయ్య పెద్దకర్మ నాడు అంతమంది ముందు 'మా గడప తొక్కొద్దు' అన్నది మీరు. తనేమన్నా అన్నదా?"

"నాన్న పోయేటప్పుడు ఆస్పత్రికి ఆలస్యంగా ఎందుకొచ్చిందంట?"

"బస్సు దొరక్క. ఆ సంగతి మీకూ తెలుసు."

తెలుసు. ఆ రోజే తెలుసు. తెలిసీ అన్నాడు కాబట్టే ఆ మాట రెండేళ్ళుగా అతని గొంతులో ముల్లులా దిగబడిపోయింది. తప్పు ఒప్పుకోవడానికి నోరు రాదు, మరిచిపోదామంటే మనసు ఊరుకోదు. ఇక మిగిలింది కోపమొక్కటే కదా, దాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు పాపం.

గైడు తొందరపెట్టడంతో చివరికి ఎక్కాడు. ఎక్కి, ముందు కొసన, అందరికీ వీపు చూపిస్తూ కూర్చున్నాడు. వెనక ఎవరెవరో దిగుతూ ఎక్కుతూ సర్దుకుంటుంటే పడవ ఊగింది. తిరిగి చూస్తే ఒట్టు.

ఇంజను మొదలయ్యాక ధనలక్ష్మి వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమండీ, వందన..."

"ఏమే, ఆ పేరెత్తొద్దని చెప్పానా లేదా?"

"అది కాదండీ, ఒక్క మాట వినండి..."

"నువ్వు గమ్మునుంటావా, నన్ను సముద్రంలో దూకమంటావా?"

ఆమె అటు తిరిగి కూర్చుంది. ఎటూ కాసేపట్లో దూకబోయే మనిషే గదా అని లోలోపల అనుకునే ఉంటుంది.

పగడాల దిబ్బ దగ్గర పడవ ఆగింది. అందరికీ ఒకే రకం నల్ల బట్టలు, ఒకే రకం నారింజ జాకెట్లు. కళ్ళనూ ముక్కునూ కలిపి కప్పేసే అద్దం, నోట్లో గాలి పీల్చుకునే గొట్టం. ఆ వేషంలో ఎవరు ఎవరో పోల్చుకోవడం బ్రహ్మతరం కూడా కాదు. బీపీ ఉందని ధనలక్ష్మి పడవలోనే ఉండిపోయింది. అమర్నాథ్ నిచ్చెన దిగుతుంటే మోకాళ్ళు వణికాయి. నీళ్ళు చల్లగా ఉన్నాయని సరిపెట్టుకున్నాడు.

ఇద్దరిద్దరు చేతులు పట్టుకోమన్నాడు గైడు. ఒక ఆడమనిషి ఈదుకుంటూ వచ్చి అతనికి చెయ్యి అందించింది. బొటనవేలు లోపల దాచి బిగించిన పిడికిలి. భయమేస్తే వందన చిన్నప్పటినుంచీ అంతే. సొంతూరు నకరికల్లులో ఉరుము ఉరిమినా, కుక్క మొరిగినా అదే పిడికిలి.

వదిలేద్దామనుకున్నాడు. వదల్లేకపోయాడు.

తలలు నీళ్ళలో ముంచారు. కింద పసుపు చేపలు, నీలం చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. ఆమె పిడికిలి నెమ్మదిగా విచ్చుకుని, వేళ్ళు అతని వేళ్ళలో చిక్కుకున్నాయి. ఆమె ఏదో చూపిస్తే అతను తల ఊపాడు, అతను చూపిస్తే ఆమె ఊపింది. నోట్లో గొట్టం ఉండబట్టి మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. రెండేళ్ళలో అమర్నాథ్ మనసు ఇంత తేలికపడింది లేదు. ఒక్క మాటకి ఇదంతా పోగొట్టుకున్నానే అని ఏడుపొచ్చింది. అద్దంలో నిండిన కన్నీళ్ళు తుడుచుకునే వీలు కూడా లేదు.

ఆగలేక తల పైకెత్తి గొట్టం ఊడబీకాడు. ఆమె కూడా తల ఎత్తింది.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. "బస్సు దొరకలేదని తెలిసీ అన్నా. చానా పెద్ద మాటన్నా. నువ్వింటికి రావాలి తల్లీ. రాకపోతే నేనే వొచ్చి మీ గుమ్మంలో కూర్చుంటా."

ఆమె మెల్లిగా అద్దం తీసింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వందన కాదు, తల్లి పిడికిలిని పుణికిపుచ్చుకున్న కూతురు. హిమజ.

"మీ అమ్మేదే?" అన్నాడు పడవంతా కళ్ళతో వెతుకుతూ.

"నువ్వెక్కనంటే జెట్టీ దగ్గరే దిగిపోయింది మామయ్యా. నన్ను మాత్రం పంపింది," అంది హిమజ. "'మా అన్నయ్యకి నీళ్ళంటే చానా భయం, ఎవరికీ చెప్పడు, నువ్వు పోయి చెయ్యి పట్టుకో, వదలమాక' అంది."