చెవుడుకు రుజువు

పదేళ్ల ముత్యాలమ్మ వెనక నిలబడి డాక్టరు చప్పట్లు కొట్టారు. పిల్ల ఠక్కున తిరిగింది.

"వినపడతా ఉందే! స్కాలర్‌షిప్పు కోసం వచ్చిన చెవుడా ఇది?"

"అయ్యో, కాదు దొరా!" పిల్లకు ఎదురుగా నిలబడ్డ తల్లి పేరమ్మ చేతులు జోడించింది. "నా కళ్లు చూసి తిరిగింది. పిలిస్తే పలకదని పాలెంలో నవ్వుతారని, నా కళ్లు ఎటు చూస్తే అటు తిరగమని నేనే అలవాటు చేసినాను. మీ కాగితం లేందే స్కాలర్‌షిప్పు ఇయ్యరు, అది లేందే మద్రాసు చెవిటిబడికి పంపలేనయ్యా."

"సరే, ఇంకొక్కసారి. ఈసారి నువ్వు కళ్లు మూసుకో."

పేరమ్మ కళ్లు గట్టిగా మూసుకుని, బిడ్డ కదలకూడదని పోలేరమ్మకు మొక్కుకుంది.

డాక్టరు మళ్లీ చప్పట్లు కొట్టారు. అదే క్షణంలో, అమ్మకేదో అయిందని హడలిపోయిన ముత్యాలమ్మ ఆదుకోమన్నట్టు ఆయన వైపు తిరిగింది.

'చెవులు వినపడును' అని రాశారాయన.

ఇంకా కళ్లు తెరవని పేరమ్మ, కాగితం మీద కలం చప్పుడు విని, పోలేరమ్మ తన మొక్కు ఆలకించిందనుకుంది.