రెక్క మీద పెన్సిల్ గుర్తు

"అనుమతి కాయితం వచ్చింది," అంటూ రస్ షెడ్డు గుమ్మంలోంచి కవరు ఊపాడు.

డీనా అతని మెడకు వేలాడి గిర్రున తిరిగింది.

అరవై ఏళ్ల నాటి విమానాన్ని విప్పి, బరువు తగ్గించి, కొత్త ఇంజనూ కొత్త గుడ్డా వేసి ఇద్దరూ చేసుకున్న బుల్లి విమానం. ఇక ఎగరొచ్చట. రేపు పొద్దున్నే రస్ ఒక్కడూ మొదటిసారి ఎగరేస్తాడు.

పెళ్లై ఆరు నెలలు. కాపురమంతా ఆ షెడ్డులోనే. రెక్కకు అటు రస్, ఇటు డీనా. సూదిని చెరోవైపు నుంచి నెడుతూ గుడ్డను లోపలి చెక్క బద్దలకు కుట్టారు. ఒకరినొకరు చూసుకుని నవ్వుతుంటే దారం ఎన్నిసార్లు జారిందో. పాత గుడ్డ విప్పినప్పుడు ఒక బద్ద మీద ఎవరిదో పేరుంటే, దాని కిందే తమ పేర్లూ రాసి మూసేశారు.

డీనా కారులోంచి కొలాచీల పెట్టె, పండు ముద్ద పెట్టిన తీపి బన్నులు, తెచ్చేసరికి రెక్క దగ్గర ఎవరో ముసలావిడ. చెవి ఆనించి వేళ్లతో తడుతోంది. మెరిసే పసుపు రంగు మీద పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టింది.

డీనాకు ఒళ్లు మండింది. గిట్టనివాళ్లెవరో షెడ్లన్నీ తిరిగి ఫిర్యాదులు రాస్తున్నారని పక్క షెడ్డు వెర్నన్ నిన్ననే చెప్పాడు.

"ఎవరు పంపారండీ మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదమ్మా. ఇక్కడ చప్పుడు..."

"తట్టి చూడ్డానికి ఇదేమన్నా పుచ్చకాయా? దయచేయండి."

ఆవిడ పెన్సిల్ సంచిలో వేసుకుంది. "ఎగరేసేముందు నువ్వూ ఒకసారి తట్టి చూడమ్మాయ్," అని మెల్లగా కారెక్కి వెళ్లిపోయింది.

డీనా విసురుగా గుర్తు తుడవబోయింది. చేతికింద గుడ్డ 'టప్' మంది. పక్కన తడితే మాత్రం బిగువుగా డప్పులా మోగింది.

చప్పుడు విని వచ్చిన రస్ మొహంలో నవ్వు మాయమైంది. బ్లేడుతో గుడ్డ కోశాడు. వరసగా మూడు కుట్టుముడులు ఊడి వేలాడుతున్నాయి. గాల్లోకి లేచాక రెక్క మీది గుడ్డ చిరిగి లేచిపోయేది.

ఆ బద్ద మీదే పేర్లున్నాయి. పైన గుండ్రటి అక్షరాల్లో 'మిలాడా, 1946'. కింద రస్, డీనా.

డీనా గుమ్మం దగ్గరున్న సందర్శకుల పుస్తకం తెరిచింది. చివరి వరసలో, కాస్త వణికిన అవే గుండ్రటి అక్షరాల్లో 'మిలాడా'. పక్కన ఊరి పేరు.

"రేపు ఎగరొద్దు రస్," అంది పుస్తకం మూస్తూ. "పొద్దున్నే ఆ ఊరెళ్లి, కాళ్లావేళ్లా పడైనా మిలాడా గారిని తీసుకొస్తాను, ఈ రెక్కను మొట్టమొదట కుట్టింది ఆవిడే."