బిగింపు పందెం

“ఆ కీలన్నీ ఈ రోజే చెత్తబుట్టలోకి పోతున్నాయి,” అంది జోర్కా.

క్లైవ్ తలెత్తలేదు. “నేను కూడా పోవాలా, తల్లీ?”

“నీ ఇష్టం. గేటు తీసే ఉంది.”

ఆస్ట్రేలియాలోని పోర్ట్ లింకన్ రేవులో ట్యూనా చేపల పడవలు బాగుచేసే యార్డు అది. క్లైవ్ అక్కడ ముప్పై ఒక్క ఏళ్లుగా ఫిట్టరు. జోర్కా ఫోర్‌మన్ అయ్యి ఎనిమిది నెలలు. ఆ పదవి తనకే వస్తుందని క్లైవ్ ఊరంతా చెప్పుకున్నాడు. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

ఇప్పుడు తగువు డ్రిల్లుల మీదికొచ్చింది. డ్రిల్లుకు ముందుండి, రంధ్రం వేసే బిట్టును పట్టుకునేది చక్. యార్డులోని పాత డ్రిల్లులకు దాన్ని చిన్న కీతో బిగించాలి. జోర్కా తెప్పించిన కొత్తవాటికి కీ ఉండదు, చేత్తో తిప్పి బిగించడమే. పోయిన నెల ఎవరో కీని చక్‌లోనే మరిచి స్విచ్చి నొక్కారు. అది ఎగిరొచ్చి పక్కనే పనిచేస్తున్న మిలాన్ చెంప చీల్చింది. నాలుగు కుట్లు పడ్డాయి.

“చేత్తో బిగిస్తే ఏం పట్టుంటుంది?” అన్నాడు క్లైవ్. “స్టీలు మీద పెట్టగానే బిట్టు జారిపోద్ది. గోడకి ఫొటోలు తగిలించుకోడానికి పనికొస్తాయి నీ డ్రిల్లులు.”

“జారదు.”

“జారుద్ది.”

“అయితే టీ టైములో అందరి ముందూ తేల్చుకుందాం. నాది జారితే కీలు ఉంటాయి. జారకపోతే నోరు మూసుకుని కొత్తది పట్టుకో.”

పది గంటలకు యార్డులోని ఏడుగురు పనివాళ్లూ బెంచీ చుట్టూ మూగారు. దళసరి స్టీలు పలకను వైసులో బిగించారు. రెండు డ్రిల్లులకూ ఒకే సైజు కొత్త బిట్లు. చక్ మీంచి బిట్టు మీదికి మార్కరుతో తెల్లగీత గీయడం మిలాన్ పని. గీత విరిగితే బిట్టు జారినట్టు.

ముందు క్లైవ్. చక్ చుట్టూ ఉన్న మూడు కంతల్లోనూ కీ పెట్టి, ఒళ్లంతా దాని మీద వేసి బిగించాడు. స్టీలు కీచుమంది. నూనె పొగలు లేచాయి. పలక అవతలికి రంధ్రం పడింది. గీత చెక్కు చెదరలేదు.

“పట్టంటే ఇదీ!” అని అరిచాడు. లోపల మాత్రం అతనికి తెలుసు. ఆ కీలు పోతే ఈ యార్డులో తన రోజులు అయిపోయినట్టే.

మిలాన్ కొత్త డ్రిల్లు తీసి క్లైవ్‌కే అందించబోయాడు. “దీన్ని కూడా నువ్వే బిగించు. తర్వాత ఆవిడ మోసం చేసిందనకుండా ఉంటావు.”

క్లైవ్ చేతులు జేబుల్లోంచి రాలేదు. అతను నోరు తెరిచేలోపే జోర్కా డ్రిల్లు లాక్కుంది.

“నా సామాను మీద ఇతని చెయ్యి పడనివ్వను. బిగించుకోడం నాకు రాదనుకున్నావా?”

చక్‌ని గుప్పెట్లో పట్టుకుని తిప్పింది. గీత గీయగానే స్విచ్చి నొక్కింది. నాలుగు క్షణాలు. బిట్టు స్టీలులో ఇరుక్కుని ఆగిపోయింది. చక్ మాత్రం గిర్రున తిరుగుతూనే ఉంది. గీత ఓ ముక్క అటు, ఓ ముక్క ఇటు.

యార్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు.

జోర్కా మొహం కందగడ్డయింది. చేతి తొడుగులు పీకి బెంచీ మీద విసిరికొట్టింది. “సరే, కీలు ఉంటాయి. ప్రతి కీనీ దాని డ్రిల్లు వైరుకే కట్టండి. ఇంకోసారి ఎవడైనా చక్‌లో వదిలేశాడో, మళ్లీ ఈ గేటు తొక్కనివ్వను.”

అందరూ నవ్వుకుంటూ పనుల్లోకి వెళ్లిపోయారు. క్లైవ్‌కి తనివి తీరలేదు. ఆమె ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

“పెద్ద ఫోర్‌మన్! చక్ బిగించడం చేతకాదు గానీ మా అందరి మీదా పెత్తనం. మీ నాన్నతో పాటు వలలు కుట్టుకుంటూ కూచోవాల్సింది.”

జోర్కా అటూ ఇటూ చూసింది. దగ్గర్లో ఎవరూ లేరు.

“ఇందాక సామాన్ల గదిలో టీ ఫ్లాస్కు మూత వేళ్లతో తిప్పలేక నువ్వు పళ్లతో తిప్పుకోవడం చూశాను కాబట్టే, క్లైవ్, నేను చక్‌ని బిగించలేదు.”